జెండాల కింద నీళ్లు: పాత అచ్చుబొమ్మల్లో కాంటన్

కాంటన్ నగరాన్ని చూపించే పాత అచ్చుబొమ్మలు ఓ పదింటిని పక్కపక్కన పరిచి చూస్తే ముందు వాటి పోలికే ఆశ్చర్యం కలిగిస్తుంది. అడుగున నది, నది నిండా పడవలు. నడిమికి రేవు గట్టు, ఆ గట్టు మీద తెల్లని స్తంభాలూ వసారాలూ ఉన్న మేడల వరుస. మేడల ముందు ఓడ కొయ్యలంత ఎత్తు జెండా కర్రలు, వాటి మీద డెన్మార్క్, ఫ్రాన్స్, స్వీడన్, బ్రిటన్, హాలండ్, అమెరికా జెండాలు. మిగిలిన పై భాగాన్నంతా ఆకాశం ఆక్రమించుకుంటుంది. అసలు నగరం ఏదని వెతికితే మేడల వెనక మసకగా ఓ కప్పుల బారు, దూరాన ఓ కొండ. గీసినవారు మారినా, రేకు మీద చెక్కినవారు మారినా, దశాబ్దాలు గడిచినా ఈ అమరిక పెద్దగా మారదు. చరిత్ర పుస్తకాల అట్టల మీదికీ, మ్యూజియం గోడల మీదికీ ఎక్కింది కూడా ఈ దృశ్యమే. చూపు నేరుగా జెండాల దగ్గరికి పోతుంది. కాంటన్ అంటే ఆ జెండాల వాళ్లు వచ్చి కట్టి నడిపిన రేవు అనే అభిప్రాయం, ఎవరూ నోటితో చెప్పకుండానే, మనసులో నాటుకుంటుంది. ఆ అభిప్రాయం తప్పని అవే బొమ్మలు సాక్ష్యం చెబుతున్నాయని నా వాదన. జెండాలూ మేడలూ అద్దెకున్నవాళ్ల కథ. ఎవరూ నిదానించి చూడని అడుగు భాగం, అంటే ఆ నీళ్లూ పడవలూ, నగరం కథ.

కాంటన్ అనే పేరే బయటివాళ్లు పెట్టింది. గ్వాంగ్‌డాంగ్ అనే రాష్ట్రం పేరును పోర్చుగీసువారు తమ నోటికి తిరిగినట్టు పలికి, దాన్ని రాష్ట్ర రాజధానికి తగిలించారు. ఊరివాళ్లకు అది గ్వాంగ్‌జౌ. పశ్చిమ నది, ఉత్తర నది, తూర్పు నది అనే మూడు నదులు దక్షిణ చైనా సముద్రానికి చేరబోతూ పాయలుగా చీలి, మళ్లీ కలిసి, లంకలనూ మేటలనూ పోసుకుంటూ పరచిన డెల్టాకు అది తలభాగాన ఉంది. ఆ నీటినంతా కలిపి ముత్యాల నది అంటారు. గోదావరి లంకలూ కృష్ణా పాయలూ ఎరిగినవారికి ఆ నేల ఊహకందనిదేమీ కాదు. చింగ్ ప్రభుత్వం 1685లో అక్కడ సముద్ర సుంకాల శాఖను నెలకొల్పింది. 1757లో చియెన్‌లుంగ్ చక్రవర్తి ఆజ్ఞతో యూరప్ ఓడల వ్యాపారమంతా ఆ ఒక్క రేవుకే పరిమితమైంది. బొమ్మల్లో కనిపించే మేడలను ఇంగ్లీషువారు ఫ్యాక్టరీలు అన్నారు. వాటిలో ఏదీ తయారయ్యేది కాదు. కంపెనీ ఉద్యోగులు ఉండే గదులూ, లెక్కల గదులూ, సరుకు గోదాములూ కలిసిన కోఠీలు అవి. మచిలీపట్నంలో 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు పెట్టుకున్నవీ అలాంటివే. కాంటన్ కోఠీల బారు నది వెంట సుమారు 1,000 అడుగులు. నగర ప్రాకారానికి బయట, నైరుతి శివారులో, చాలావరకు చైనా వర్తకుల దగ్గర అద్దెకు తీసుకున్న ఇళ్లు. విదేశీయుడికి ప్రాకారం లోపలికి ప్రవేశం లేదు. భార్యను వెంట తెచ్చుకునే వీలు లేదు. ఓడల కాలం ముగిశాక అక్కడ ఉండిపోకూడదు, నది మొగ దగ్గరి పోర్చుగీసు స్థావరం మకావ్‌కు వెళ్లిపోవాలి.

ఈ నిబంధనలు తెలిసిన తర్వాత బొమ్మల అమరిక ఎందుకలా ఉందో అర్థమవుతుంది. చిత్రకారుడు నది మీద పడవలోనో ఎదుటి ఒడ్డునో కూర్చుని గీయడం అందానికి చేసిన ఎంపిక అనుకుంటాం. నిజానికి నగరంలో అతను నిలబడి చూడగల మరో చోటు దాదాపు లేదు. గుళ్లూ, బజార్లూ, అధికారుల కచేరీలూ, పరీక్షా మందిరాలూ, లక్షల మంది కాపురాలూ గోడకు అవతల ఉన్నాయి. ఇవతల అతనికి మిగిలింది 1,000 అడుగుల గట్టు. ఊరివాడి కళ్లకు అది ప్రాకారం బయటి ఓ శివారు మాత్రమే. అతనికి లోకమంతా అదే కాబట్టి బొమ్మంతా అదే అయింది. లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఆ అచ్చును కొనుక్కున్నవాడికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. తన దేశపు జెండా ఎంత ఎత్తున ఎగురుతోందో అతనికి కనిపిస్తుంది. ఆ జెండా నీడలోని మనిషికి పక్కనున్న పెద్ద ద్వారం దాటే అనుమతి లేదని రాగిరేకు చెప్పదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. అసలు ఈ అచ్చులను సాక్ష్యంగా ఎలా తీసుకోవాలి? అవి చూసి గీసినవి కావనీ, దూరదేశాల్లో అమ్మకం కోసం అల్లినవనీ చెప్పడానికి బలమైన ఆధారాలున్నాయి. మొదటిది యోహాన్ న్యూహోఫ్ పుస్తకం. చైనాకు వెళ్లిన డచ్చి కంపెనీ రాయబార బృందంలో ఇతను ఒకడు. 1655 నుంచి 1657 దాకా సాగిన ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకాన్ని 1665లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాకోబ్ వాన్ మ్యూర్స్ దాదాపు 150 బొమ్మలతో అచ్చువేశాడు. ఫ్రెంచి, జర్మన్, లాటిన్, ఇంగ్లీషు కూర్పులు నాలుగైదేళ్లలోనే వచ్చాయి. యూరప్‌కు చైనా ఎలా ఉంటుందో నేర్పింది ఆ బొమ్మలే. మూడు శతాబ్దాల తర్వాత, 1980లలో, న్యూహోఫ్ స్వయంగా గీసిన బొమ్మలున్న రాతప్రతి పారిస్ జాతీయ గ్రంథాలయంలో బయటపడింది. రెండింటినీ పోల్చి చూస్తే చెక్కుడు పనివాళ్లు ఎంత చొరవ తీసుకున్నారో తేలిపోయింది. నిరాడంబరమైన గీతల మీద వాళ్లు తాటి, కొబ్బరి జాతి చెట్లను నాటారు, మనుషుల గుంపులను నింపారు. ఇక థామస్ ఆలమ్ సంగతి మరీ విచిత్రం. 1843లో లండన్‌లో వెలువడిన అతని చైనా దృశ్యాలు ఇంగ్లీషు చదివే ఇళ్లన్నింటికీ చేరాయి. ఆలమ్ చైనాలో అడుగు పెట్టలేదు. అంతకుముందు వెళ్లొచ్చిన విలియం అలెగ్జాండర్, ఓగుస్త్ బోర్జే వంటివారి బొమ్మలను ముందు పెట్టుకుని, వాటిని కలిపి కూర్చి గీశాడు.

ఈ ఆధారాలను కాదనడం లేదు. అయితే ఒక సాక్షి కొన్ని విషయాల్లో అబద్ధమాడాడని తెలిసినప్పుడు అతని సాక్ష్యం మొత్తాన్ని పారేయడం కంటే, ఏ విషయంలో అబద్ధమాడాల్సిన అవసరం అతనికి ఉంది, ఏ విషయంలో లేదు అని అడగడం మంచిది. చెట్లను నాటితే బొమ్మ అమ్ముడవుతుంది. జెండాను పెద్దది చేస్తే కొనేవాడు సంతోషిస్తాడు. సుంకం ఠాణా పక్కన కట్టేసి ఉన్న చిన్న పడవ ఆకారాన్ని మారిస్తే ఎవరికీ లాభం లేదు. కొనేవాడు దాన్ని చూడను కూడా చూడడు. అలాంటి చిన్న వివరాలు వేర్వేరు మూలాల నుంచి వచ్చిన బొమ్మల్లో ఒకేలా కనిపిస్తే వాటిని నమ్మవచ్చు. దీన్ని పరీక్షించినవాళ్లు ఉన్నారు. పాల్ వాన్ డైక్, మరియా మోక్ కలిసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 1760 నుంచి 1822 వరకు కోఠీలను చూపే చిత్రాలను కంపెనీల దస్తావేజుల్లోని మరమ్మతుల లెక్కలతో, అద్దె వివరాలతో సరిచూశారు. ఏ ఏడు ఏ కోఠీకి కొత్త వసారా కట్టారో, ఏ ఏడు ముఖభాగం మార్చారో, ఆ మార్పులను కాంటన్‌లోని చైనా చిత్రకారులు ఎప్పటికప్పుడు తమ బొమ్మల్లోకి తెచ్చుకున్నారని తేలింది. అమెరికా జెండా సంగతి తీసుకోండి. ఆ దేశపు మొదటి ఓడ ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ కాంటన్ చేరింది 1784లో. కాబట్టి నక్షత్రాల జెండా ఉన్న బొమ్మ అంతకు ముందుది అయ్యే వీల్లేదు. విలియం డేనియల్ తన పినతండ్రి థామస్‌తో కలిసి కాంటన్‌కు స్వయంగా వెళ్లిన మనిషి. మన దేశపు కోటలనూ గుళ్లనూ ఆక్వాటింట్ అచ్చుల్లో చూపిన ఆ ఇద్దరే. 1810లో వెలువడిన వాళ్ల చైనా సముద్రయాన చిత్రాలనూ, ఊరు చూడని ఆలమ్ బొమ్మలనూ ఒకే తక్కెడలో వేయకూడదు. పాత అచ్చును చదవడమంటే దాని వంశవృక్షాన్ని కూడా చదవాలి.

అలా చదివితే బొమ్మ అడుగు భాగం నోరు విప్పుతుంది. సముద్రం మీదుగా వచ్చిన పెద్ద ఓడ ఒక్కటి కూడా ఈ బొమ్మల్లో కోఠీల ముందు నిలబడి ఉండదు. ఉన్నవన్నీ చిన్నా పెద్దా పడవలే. కారణం డెల్టా. పెద్ద ఓడలు కాంటన్‌కు సుమారు 20 కిలోమీటర్లు దిగువన హువాంగ్‌పు దగ్గరే లంగరు వేయాలి, ఆపైన వాటికి నీరు చాలదు. అక్కడిదాకా రావడం కూడా ఓడవాడి ఇష్టం కాదు. ముందు మకావ్ దగ్గర చైనా మార్గదర్శిని ఎక్కించుకోవాలి. పులి ద్వారమని పేరున్న హూమెన్ మొగ దగ్గర కోటల మధ్య నుంచి అనుమతి చూపించి లోపలికి రావాలి. అక్కడి నుంచి ఇసుక మేటలు. పోటు వచ్చినప్పుడే ఓడ వాటిని దాటగలదు. పెద్ద ఓడకు పదుల కొద్దీ చిన్న పడవలు తాళ్లు కట్టి లాగాలి, మేటల అంచుల వెంట నిలబడి దారి చూపాలి. హువాంగ్‌పు చేరాక సుంకాధికారి పరివారంతో వచ్చి ఓడ పొడవూ వెడల్పూ కొలుస్తాడు, ఆ కొలతను బట్టి రేవు సుంకం. తర్వాత సరుకును గుండ్రటి కప్పున్న పడవల్లోకి దించి, దారిలో సుంకం ఠాణాల్లో చీటీలు చూపించుకుంటూ కాంటన్‌కు తీసుకురావాలి. ఓడవాడికి మార్గదర్శి, సరుకుకు పూచీగా ఒక హాంగ్ వర్తకుడు (విదేశీ వ్యాపారానికి ప్రభుత్వ అనుమతి పొందిన చైనా వర్తకుడు), మాటకు దుబాసీ, తిండీ నౌకర్లూ సమకూర్చడానికి కాంప్రడోర్. వీళ్లలో ఏ ఒక్కరు చెయ్యి వెనక్కి తీసుకున్నా ఓడ కదలదు. ఈ ఏర్పాటంతా అంత చక్కగా నడవడానికి నీటి లోతు తక్కువ కావడమే ముఖ్య కారణమని వాన్ డైక్ చూపించాడు. రేవుకు లోతు లేకపోవడం లోపమని మనం అనుకుంటాం. కాంటన్‌కు అదే తాళమూ తాళంచెవీ.

హువాంగ్‌పు దృశ్యాలలో తరచూ కనిపించే తొమ్మిది అంతస్తుల గోపురం కూడా ఈ కోవలోనిదే. దారి పొడవునా మూడు గోపురాలు ఉన్నాయి: పజౌ గోపురం 1600లో, లియెన్‌హువా 1612లో, చిగాంగ్ 1619లో పూర్తయ్యాయి. నీరు ఊరిని విడిచి పోయే దారిలో శుభశక్తి కూడా దానితో కొట్టుకుపోకుండా ఆపుతాయని కట్టుకున్నవి. కట్టినప్పుడు యూరప్ కంపెనీలకు అక్కడ కోఠీలు లేవు. ఓడవాళ్లు వాటిని దూరం నుంచి గుర్తు పట్టే ఆనవాళ్లుగా వాడుకున్నారు, చిత్రకారులు అందం కోసం వాడుకున్నారు. బొమ్మలో గోపురం ఓడలకు వెనుక తెరలా నిలబడుతుంది. కాలక్రమం చూస్తే ఓడలే ఆ గోపురాల కిందికి ఆలస్యంగా వచ్చి చేరాయి.

పడవల్లోని మనుషుల గురించి కాస్త నిలిచి చెప్పుకోవాలి. సరుకు పడవలూ, మంగలి పడవలూ, కూరగాయల పడవలూ, దీపాలు కట్టిన విలాసపు పడవలూ, వాటి మధ్య ఒక గుడిసె కప్పుతో కుటుంబమంతా బతికే చిన్న పడవలూ ఈ అచ్చుల్లో ఉన్నాయి. ఆ చిన్న పడవల వాళ్లను తాన్‌కా జనం అంటారు. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ నీటి మీదే. గట్టు మీద ఇల్లు కట్టుకునే హక్కు తరతరాలుగా వాళ్లకు లేదు. 1729లో యుంగ్‌జెంగ్ చక్రవర్తి వాళ్లను ఒడ్డున ఉండనివ్వాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాత కూడా నీటి మీది బతుకులు కొనసాగాయి, ఒడ్డువాళ్ల చిన్నచూపు పోలేదు. యూరప్ చిత్రకారుడికి వాళ్లు ముందుభాగం నింపడానికి పనికొచ్చే వింత. పిల్లవాణ్ణి వీపుకు కట్టుకుని తెడ్డు వేసే ఆడమనిషి అలాంటి ఒక బొమ్మగా మారిపోయింది. ఆమె తెడ్డు వేయకపోతే కోఠీలోని దొర ఓడకూ వెళ్లలేడు, ఒడ్డుకూ రాలేడు. ఎవరి పేరూ ఎక్కని ఆ పడవలను కూడా లెక్కపెడితేగానీ ఈ రేవు ఎలా బతికిందో తెలియదు.

నది ఎగువ కథ బొమ్మల్లో అసలు లేదు. కోఠీల ముందు దిగే టీ పెట్టెలు ఫూజియెన్‌లోని వుయి కొండల నుంచి వచ్చినవి. కాలువల మీదా నదుల మీదా వచ్చి, మెయ్‌లింగ్ కనుమ దగ్గర కూలీల భుజాలకెక్కి, కొండ దాటి, ఉత్తర నది పడవల్లో దిగువకు జారి కాంటన్ చేరేవి. జింగ్‌దెజెన్ పింగాణీదీ ఆ కనుమ దారే. చాలా పాత్రలు తెల్లగా వచ్చి, కాంటన్ పనివాళ్ల చేతిలో రంగులు పులుముకుని ఓడెక్కేవి. డెల్టాలోనే ఫోషాన్ ఇనుప మూకుళ్లకూ కుండలకూ పేరు మోసిన ఊరు. నాన్‌హాయ్, షున్‌దె ప్రాంతాల రైతులు పల్లపు పొలాన్ని తవ్వి చెరువు చేసి, ఆ మట్టితో గట్టు పోసి, గట్టు మీద మల్బరీ పెంచి, ఆకు పురుగుకు, పురుగు రెట్ట చేపలకు, చెరువు అడుగు బురద మళ్లీ మల్బరీకి వేసే పద్ధతిని పెంపొందించారు. కొల్లేరు చుట్టుపక్కల గట్లూ చెరువులూ చూసినవారికి ఆ శ్రమ ఎంతదో తెలుస్తుంది. పట్టు కండె వెనక ఆ గట్టు ఉంది. అచ్చుబొమ్మ గట్టును చూపదు, కనుమను చూపదు, కూలీ భుజాన్ని చూపదు. పెట్టె రేవుకు చేరిన తర్వాతే దాని కథ మొదలుపెడుతుంది.

దీనికి ఎదురుగా ఇంకో మాట వస్తుంది. ఎగువన ఎంత శ్రమ ఉన్నా, దాన్ని కొనే విదేశీయుడు రాకపోతే కాంటన్ ఒక రాష్ట్ర రాజధానిగా మిగిలిపోయేది కదా, అందుకే బొమ్మల్లో అతనికి ముందు పీట దక్కడం న్యాయమే కదా అని. ఇందులో కొంత నిజముంది. ఓడల్లో వచ్చిన వెండి ఆ డెల్టా రూపాన్ని మార్చింది. 1757 తర్వాత పట్టుకు గిరాకీ పెరిగి వరి పొలాలు మరిన్ని మల్బరీ గట్లుగా మారాయి. హాంగ్ వర్తకుల్లో హౌక్వా అని విదేశీయులు పిలిచిన వు బింగ్‌జియెన్ ఆ కాలపు ప్రపంచంలోని మహా ధనవంతుల్లో ఒకడు అయ్యాడు. అయితే కొనేవాడు లేకుండా ఆ ఊరు ఎప్పుడూ లేదు. 1983లో నగరం నడిబొడ్డున బయటపడ్డ, క్రీస్తు పూర్వం 2వ శతాబ్ది నాటి నాన్‌యుయే రాజు సమాధిలో పర్షియా రీతి వెండి భరిణె, ఆఫ్రికా ఏనుగు దంతాలు దొరికాయి. తాంగ్ వంశం కాలంలో, 8వ శతాబ్ది తొలినాళ్లకే, అక్కడ సముద్ర వర్తకాన్ని చూసే ప్రత్యేక అధికారి ఉన్నాడు. ఆ శతాబ్ది మధ్యలో అక్కడికి వచ్చిన బౌద్ధ భిక్షువు జియెన్‌జెన్ జీవిత కథలో నది మీద భారతదేశపు ఓడలు, పర్షియా ఓడలు, ఆగ్నేయాసియా ఓడలు లెక్కలేనన్ని ఉన్నాయనీ, ఊళ్లో బ్రాహ్మణులు ఉండే మఠాలు మూడు ఉన్నాయనీ రాసి ఉంది. హువాంగ్ చావ్ తిరుగుబాటులో 9వ శతాబ్ది చివర ఆ ఊరు నాశనమైనప్పుడు చనిపోయిన విదేశీ వర్తకుల సంఖ్య 1,20,000 అని సిరాఫ్ రేవుకు చెందిన అబూ జైద్ రాశాడు. ఆ లెక్కను నమ్మలేం. అలాంటి లెక్క పుట్టేంత పెద్ద విదేశీ బస్తీ ఉందన్నది మాత్రం నమ్మవచ్చు. జెండాల వాళ్లు వచ్చేనాటికి ఆ రేవు వయసు 1,800 ఏళ్లకు పైనే. ఎందరో కొనేవాళ్లు మారారు, అమ్మే డెల్టా అదే.

బొమ్మల్లో మన దేశపువాళ్లు ఎక్కడున్నారో కూడా అడగాలి. కోఠీల వరుసలో చౌచౌ అనే కోఠీ ఒకటి ఉండేది. పార్సీలూ, ముస్లిం వర్తకులూ, మన దేశపు ఇతరులూ అందులో కలగలుపుగా ఉండేవారు కాబట్టి ఆ పేరని విలియం హంటర్ అనే అమెరికన్ వర్తకుడు తన జ్ఞాపకాల్లో రాశాడు. వాళ్లు తెచ్చిన పత్తీ, ఆ తర్వాత నల్లమందూ లేకపోతే ఇంగ్లీషు కంపెనీ టీ కొనడానికి వెండి వెతుక్కునేది. వాళ్లకంటూ ఓ దేశపు జెండా లేదు కనుక, జెండాలను బట్టి మనుషుల్ని లెక్కపెట్టే చూపుకు వాళ్లు కనబడరు.

చైనావాళ్లు తమ రేవును తాము అచ్చు వేసుకోలేదా అంటే, వేసుకున్నారు. రాష్ట్రానికీ జిల్లాకీ ప్రభుత్వం తరఫున కూర్చే స్థానిక గ్రంథాల్లో కర్రదిమ్మల మీద చెక్కి అచ్చేసిన నగర పటాలుంటాయి. వాటిలో ప్రధానమైనవి ప్రాకారం, ద్వారాలు, కచేరీలు, గుళ్లు, పాఠశాలలు. 1830ల చివర లియాంగ్ తింగ్‌నాన్ కూర్చిన గ్వాంగ్‌డాంగ్ సముద్ర సుంకాల శాఖ గ్రంథంలో డెల్టా అంతటా ఉన్న సుంకం ఠాణాల బొమ్మలున్నాయి. ఇవీ పక్షపాతం లేనివి కావు. ప్రభుత్వం కళ్లకు నీరంటే సుంకం వసూలయ్యే దారి, పడవ అంటే పన్ను కట్టాల్సిన వస్తువు. తెడ్డు వేసే ఆడమనిషి వీటిలోనూ లేదు. కానీ యూరప్ రాగిరేకు పక్కన ఈ కర్రదిమ్మ అచ్చును పెడితే కేంద్రం జరిగిపోతుంది. మొదటిదానిలో నది కోఠీల ముందున్న ఖాళీ స్థలం. రెండోదానిలో నదే రాజ్యం పని చేసే చోటు, ఠాణా తర్వాత ఠాణా, మొగ నుంచి ఊరిదాకా. ఓడవాడు కాంటన్ ఎలా చేరేవాడో అర్థం కావాలంటే రెండో బొమ్మే ఎక్కువ పనికొస్తుంది.

ఆ ఠాణాలకు చిక్కని చోటు ఒకటుంది. మొగకు వెలుపల లిన్‌టిన్ అనే ద్వీపం. డబ్ల్యూ. జె. హగిన్స్ చిత్రం ఆధారంగా ఎడ్వర్డ్ డంకన్ చెక్కిన ఆక్వాటింట్ 1838లో లండన్‌లో వెలువడింది. లిన్‌టిన్ దగ్గర 1824 నాటి నల్లమందు ఓడలు అని దాని పేరు. నిండు తెరచాపలు, తేట ఆకాశం, నెమ్మదైన అలలు. ఆ పేరొక్కటి లేకపోతే ఆ ఓడల కడుపులో ఏముందో చూసేవాడికి తెలియదు. ఆ సరుకు పుట్టిల్లు మన దేశమే, బీహారూ మాళవమూ. పట్నాలోని ప్రభుత్వ నల్లమందు కర్మాగారంలో కప్పు దాకా పేర్చిన ఉండల అరలను డబ్ల్యూ. ఎస్. షెర్‌విల్ బొమ్మల ఆధారంగా 1850 ప్రాంతంలో లితో అచ్చుల్లో చూపించారు. గంగ ఒడ్డు నుంచి ముత్యాల నది మొగ దాకా సాగిన ఆ దారికి ఈ రెండు అచ్చులూ రెండు కొసలు.  విడివిడిగా చూస్తే ఒకటి కర్మాగారం, ఒకటి సముద్ర దృశ్యం. కలిపి చూస్తేనే ఒక దేశపు రైతును బలవంతపు సాగులోకీ, మరో దేశపు ఇళ్లను మత్తులోకీ నెట్టిన వ్యాపారం కనబడుతుంది.

లోతు తక్కువ నీటి తాళాన్ని చివరకు విరగ్గొట్టిందేమిటో కూడా అదే డంకన్ చెక్కాడు. మొదటి నల్లమందు యుద్ధంలో, 1841 జనవరి 7న హూమెన్ దగ్గర చైనా యుద్ధ పడవలను ‘నెమెసిస్’ అనే బ్రిటిష్ ఇనుప ఆవిరి ఓడ ధ్వంసం చేస్తున్న దృశ్యం అది, 1843లో అచ్చయింది. పేలుతున్న పడవ మీదికే అందరి చూపూ పోతుంది. చూడాల్సింది నెమెసిస్ అడుగు. అది ఆరడుగుల లోపు నీటిలో తేలగలదు. దానికి గాలి అక్కర్లేదు, పోటు కోసం ఎదురుచూపు అక్కర్లేదు, లాగే పడవలు అక్కర్లేదు. ఆ మార్చి నెలలో అది డెల్టా లోపలి పాయల వెంట, పెద్ద ఓడ ఎన్నడూ పోని దారుల్లో, కోటలను పడగొట్టుకుంటూ తిరిగింది. డెల్టా లోతు తక్కువ కావడం వల్ల దక్కిన రక్షణ అంతటితో పోయింది. 1842 నాన్‌కింగ్ ఒప్పందం కాంటన్ ఒక్క రేవు ఏర్పాటును రద్దు చేసింది. ఆలమ్ పుస్తకం వెలువడింది ఆ మరుసటి ఏడే. గెలిచిన దేశపు పాఠకులు గెలిచిన చోటును ఇంట్లో కూర్చుని చూడాలనుకున్నారు. ఆ బొమ్మల ప్రశాంతతను చూసేటప్పుడు ఆ తేదీని మరచిపోకూడదు. ఇలాంటి మౌనం కొత్త కాదు. 1650లో పది నెలల ముట్టడి తర్వాత చింగ్ సేనలు కాంటన్‌లో జరిపిన ఊచకోతకు న్యూహోఫ్ అక్కడికి చేరేనాటికి అయిదేళ్లే అయింది. అతని పుస్తకంలోని మాటలు ఆ ఘోరాన్ని చెబుతాయి. అదే పుస్తకంలోని నగర దృశ్యం చెప్పదు.

1822 నవంబరు మంటల్లో కాలిపోయిన కోఠీలను మళ్లీ కట్టారు. 1856 డిసెంబరులో, రెండో నల్లమందు యుద్ధం మొదలయ్యాక, మళ్లీ కాలాయి, ఇక లేవలేదు. విదేశీయులు 1859 నుంచి పక్కనే షామియెన్ అనే ఇసుక దిబ్బను ద్వీపంగా మలచుకుని అక్కడికి మారారు. కోఠీలున్న చోట ఇప్పుడు సాంస్కృతిక ఉద్యానం ఉంది. దాని పక్క వీధికి పదమూడు హాంగ్‌ల వీధి అనే పేరు మిగిలింది, అక్కడ బట్టల టోకు వ్యాపారం జోరుగా సాగుతుంది. నది మాత్రం ఆ చోటును వదిలి దక్షిణానికి జరిగింది. పాత అచ్చుల్లో నది మధ్యన గుండ్రటి కోటతో కనిపించే బండరాయిని విదేశీయులు డచ్ ఫాలీ అనేవారు, ఊరివాళ్లకు అది హాయ్‌జూ రాయి, సముద్రపు ముత్యం. 1930ల మొదట్లో గట్టును వెడల్పు చేసినప్పుడు ఆ రాయి ఒడ్డులో కలిసిపోయింది. ఆ బొమ్మల్లో పడవలు ఒరుసుకుంటూ నిలబడిన నీటిలో చాలా భాగం మీద ఇప్పుడు రోడ్లున్నాయి, బండ్లు తిరుగుతున్నాయి. అక్కడ ఎంత వెడల్పున నది పారేదో తెలుసుకోవాలంటే ఆ అచ్చుల అడుగు భాగాన్నే కొలిచి చూడాలి.